మద్దెల నిజంగానే ఓటిదైతే?

కొత్త రాకెట్ కొన్న మొదటి నెల్లాళ్ళు మన ఆట ఎవరి కంటా పడకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది. పాతదాంతో కళ్ళు మూసుకుని కొట్టే షాటే కొత్తదాంతో కొడితే గీత దాటి రెండు గజాల అవతల పడుతుంది. ఎప్పుడూ చక్కగా వెళ్ళే సర్వీసు నెట్‌లో చిక్కుకుంటుంది. బంతి తగిలిన చప్పుడు కూడా ఎవరో పరాయివాళ్ళు కొట్టినట్టు వినిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? అంత డబ్బు పోసి కొన్నది ఇందుకేనా అని ఒకరు, పాతదే నయం కదమ్మా అని ఇంకొకరు. మనం గనక "ఈ గ్రిప్పు నా చేతికి లావుగా ఉందండీ" అని నోరు విప్పామో, సామెత సిద్ధంగా ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

ఈ సామెత అంటే నాకు చాలాకాలంగా కోపం. మద్దెల నిజంగానే ఓటిదైతే, ఆ ఆడే మనిషి ఎవరితో చెప్పుకోవాలి? నవ్వేవాళ్ళలో ఒక్కరైనా లేచి వెళ్ళి మద్దెల తిప్పి చూశారా?

దీనికన్నా మెత్తటి మాట ఇంకొకటుంది. "కొన్నాళ్ళు సర్దుకో, అదే అలవాటవుతుంది." మన ఆడవాళ్ళకి ఈ మాట కొత్తా? అత్తగారింటి వంటగది గట్టు ఎత్తు నుంచి బస్సులో పట్టుకునే కడ్డీ ఎత్తు దాకా అన్నిటికీ సర్దుకుంటూనే వచ్చాం. రాకెట్ విషయంలో ఈ సలహాలో సగం నిజం ఉంది, కాదనను. కొత్తది చేతికి రావడానికి కొంత కాలం పడుతుంది. కానీ మిగతా సగం ఎవరూ చెప్పరు. రాకెట్ కూడా చేతికి సర్దుకోవాలి. గ్రిప్పు మార్చవచ్చు, గట్టింగ్ వదులు చేయించవచ్చు, బరువు ఎక్కడ పడాలో కూడా కొంత మార్చుకోవచ్చు. మనవాళ్ళు ఆడపిల్లకి మొదటి సగానికి కావలసిన గడువూ ఇవ్వరు, రెండో సగం చేసుకునే చనువూ ఇవ్వరు. నా ఫిర్యాదు అదే.

నేను డుంబ్రిగుడ మండలంలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతాను. టెన్నిస్ కాలేజీ రోజుల్లో విశాఖపట్నంలో పట్టుబడింది. ఈ కొండమీద టెన్నిస్ కోర్టు ఎక్కడిది అంటారేమో, లేదు. బడి వెనక కాస్త సిమెంటు గచ్చు, ఒక పొడుగాటి గోడ ఉన్నాయి. గోడ మీద మూడడుగుల ఎత్తున సుద్దముక్కతో గీత గీస్తే అదే నెట్. సెలవులకి విశాఖ దిగినప్పుడు అసలు కోర్టు. గోడతో ఆడటంలో ఒక సుఖముంది, అది వ్యాఖ్యానాలు చెయ్యదు.

ఇంతకీ రాకెట్ మారితే చేతిలో ఏం మారుతుంది? బరువు ఒక్కటే అనుకుంటాం. మూడువందల గ్రాముల రాకెట్లు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టండి. ఒకదానికి బరువంతా పిడి వైపు ఉంటుంది, రెండోదానికి తల వైపు ఉంటుంది. తూకంలో రెండూ ఒకటే. ఊపితే మటుకు ఒకటి చీపురు, ఒకటి సుత్తి. చెయ్యి గుర్తుపెట్టుకునేది తూకాన్ని కాదు, ఊపుని. పాతది బరువైనదై కొత్తది తేలికైతే, అలవాటు ప్రకారం ఊపిన చెయ్యి బంతికన్నా ముందే వచ్చేస్తుంది. కుడిచేతివాటం వాళ్ళ ఫోర్‌హ్యాండ్ ఎడమ పక్కకి గుంజుకుపోతుంది. కొత్తదాని తల పెద్దదైతే మధ్యలో గట్లు ఎక్కువగా లోపలికి వెళ్ళి ఎగరేస్తాయి, బంతి గీత దాటుతుంది. గట్టింగ్ బిగుతుగా ఉంటే దెబ్బ అదుపులో ఉంటుంది గానీ ఆ అదురు తిన్నగా మోచేతికి వస్తుంది. ఇన్ని మారుతుంటే మొదటి వారం బంతి చెప్పిన చోట పడలేదని ఆశ్చర్యపోవడం ఎందుకు?

మా దగ్గర దీనికి చలి కూడా తోడు. డిసెంబరు, జనవరిలో డుంబ్రిగుడలో ఉష్ణోగ్రత ఒక అంకెలోకి దిగిపోతుంది. పొద్దున్న ఎనిమిదింటికి కూడా చాపరాయి వైపు చెట్లు మంచులో కనబడవు. చలికి బంతిలోని రబ్బరు బిగుసుకుని తక్కువ లేస్తుంది, గట్లు కూడా కర్రల్లా తోస్తాయి. మంచుకి బంతి మీది నూగు చెమ్మగిల్లి బరువెక్కుతుంది. ఆ చలిలో కొత్త రాకెట్ పట్టుకుని 'ఇది నాకు పడలేదు' అని తీర్పు చెప్పేస్తే పాపం రాకెట్‌కి అన్యాయం. ఎండెక్కాక మళ్ళీ పట్టుకుని చూడాలి. పశువుల పేగులతో చేసే అసలు గట్లు వాడేవాళ్ళు మా వైపు వస్తే మరీ జాగ్రత్తపడాలి. అవి చెమ్మకి పాడైపోతాయి. మనకి నైలానే మేలు, చవక కూడా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కిందటేడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఉండేది. పసుపుపచ్చ ఊలు బంతి, జట్టుకి అయిదుగురు. మీలో చాలామంది చిన్నప్పుడు బడిలో ఆడే ఉంటారు. తంజావూరులో పుట్టిన ఆట అయినా మన తెలుగు బడులు దాన్ని సొంతం చేసుకున్నాయి. ఈ ఆటలో 1970లో అర్జున అవార్డు అందుకున్న జమ్మలమడక పిచ్చయ్యగారు మనవారే. నూరేళ్ళు దాటి బతికి 2021లో కన్నుమూశారు. ఆయన తరం అంతా కర్ర రాకెట్లతోనే ఆడింది. మా బడిలోవీ కర్రవే. ఏళ్ళ తరబడి ఆడపిల్లల చేతుల్లో నలిగి నలిగి వాటి పిడులు సన్నబడి, నునుపెక్కి, మీద చుట్టిన పాత గుడ్డతో సహా వాళ్ళ అరచేతికి అచ్చు పోసినట్టు తయారయ్యాయి.

ఆ అమ్మాయి తల్లి కాఫీ కాపు డబ్బులో కొంత దాచి, సెప్టెంబరులో విశాఖ వెళ్ళే బంధువు చేత కొత్త ఫైబర్ రాకెట్ తెప్పించింది. నవంబరు నుంచి జనవరి దాకా వంగి లేస్తూ, ఎర్రగా పండిన పళ్ళు మాత్రమే ఏరి ఏరి కోస్తే వచ్చిన డబ్బు అది. రాకెట్ తేలిక, మెరుపు, పైన ప్లాస్టిక్ కవరు. పిల్ల రాత్రి పక్కలో పెట్టుకుని పడుకుందట. పన్నెండో రోజున ఎంపికలు వచ్చాయి. కొత్త రాకెట్‌తోనే దిగింది. ఊలు బంతి నేల తాకకుండా గాల్లోనే తిరగాలి కదా, ఇక్కడ పని అంతా మణికట్టుది. పిడి లావుగా ఉండటంతో మణికట్టు తిరగలేదు. బిగుతు గట్టింగ్ మీద బంతి టప్పున లేచి బయటికి పోయింది. రెండు ఆటలు చూసి ఎంపిక చేసే పెద్దలు పేరు కొట్టేశారు. "కొత్త మోజు, ఆట పోయింది" అన్నారు. అంతకుముందు రెండేళ్ళ ఆట ఎవరికీ గుర్తు రాలేదు. పాత రాకెట్ ఇచ్చి ఇంకో ఆట ఆడించి చూద్దామని కూడా తోచలేదు.

మర్నాడు తల్లి బడికి వచ్చింది. చేతిలో రాకెట్, కవరు కూడా తియ్యకుండా. "మంచిది కాదేటి టీచరమ్మా ఇది? తిరిగిచ్చేస్తే డబ్బులిచ్చేస్తారా?" అని అడిగింది. రాకెట్ మంచిదే, పిడి లావు వల్ల పిల్ల చేతిలో తిరగడం లేదు అని చెప్పబోయాను. సగంలోనే ఆమెకి అర్థమైపోయింది. "అయితే కామ లావైపోనాదన్నమాట" అంది.

ఆ ఒక్క మాటకి నేను ఆశ్చర్యపోయానని చెబితే ఆమెని తక్కువ చేసినట్టే. ఆమెకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మా వైపు సంతలో గొడ్డలికైనా పారకైనా ఇనుపముక్క ఒకటే కొంటారు. కామ ఇంటి దగ్గర చెక్కించుకుంటారు. ఎవరు వాడతారో వాళ్ళ ఎత్తుకి, వాళ్ళ పిడికిలికి. మగవాడి గొడ్డలి కామ ఆడమనిషికి ఇచ్చి 'సర్దుకో' అని ఎవరూ అనరు. అంటే చేతిలో జారి కాలు తెగుతుందని తెలుసు. కొత్త కామ మొదట్లో గరుకుగా ఉంటుంది, నాలుగు రోజులు వాడితే నునుపవుతుంది. ఆ నాలుగు రోజులూ చెయ్యి ఓర్చుకుంటుంది. కానీ ఆ ఓర్పు చెక్కడం అయ్యాకే గాని ముందు కాదు. కొండమీద రోజూ జరిగే ఈ పని ఆటస్థలం గేటు దాటి లోపలికి రాదెందుకో!

టెన్నిస్ చరిత్రలోనూ ఇలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. హోవర్డ్ హెడ్ అని అమెరికాలో విమానాల ఇంజినీరు. మంచు మీద జారే లోహపు స్కీలు తయారుచేసి బాగా గడించి, ఆ కంపెనీ అమ్మేసి, పెద్దవయసులో టెన్నిస్ మొదలుపెట్టాడు. పాఠాలు చెప్పించుకున్నా ఆట రాలేదు. బంతి మధ్యలో తగలదు, రాకెట్ చేతిలో మెలితిరిగిపోతుంది. మన సామెత ప్రకారం ఆయన ఆడలేక మద్దెలని తిట్టినవాడే. అయితే తిట్టి ఊరుకోలేదు, మద్దెల విప్పి చూశాడు. అప్పటి కర్ర రాకెట్ల తల డెబ్బై చదరపు అంగుళాల లోపు. ఆయన దాన్ని 110 దాకా పెంచాడు. 1976లో 'ప్రిన్స్' పేరుతో ఆ రాకెట్ బజారుకొచ్చినప్పుడు మగ ఆటగాళ్ళు నవ్వారు. అది ముసలివాళ్ళకీ చేతకానివాళ్ళకీ అన్నారు. 1978 అమెరికన్ ఓపెన్‌లో పదహారేళ్ళ పామ్ ష్రైవర్ అదే పెద్ద తల రాకెట్ పట్టుకుని, ఆ ఏటి వింబుల్డన్ విజేత మార్టినా నవ్రతిలోవాని సెమీఫైనల్లో ఓడించింది. ఫైనల్లో క్రిస్ ఎవర్ట్ చేతిలో ఓడిపోయింది, అది వేరే సంగతి. నవ్వులు ఆగాయి. ఇవాళ మీరు ఏ దుకాణానికి వెళ్ళినా తొంభై అయిదు నుంచి నూటఅయిదు చదరపు అంగుళాల మధ్య రాకెట్లే వేలాడుతుంటాయి. 1987 తర్వాత వింబుల్డన్‌లో కర్ర రాకెట్ కనిపించలేదు.

మరి గడువు సంగతి? దానికి ఆ క్రిస్ ఎవర్ట్‌నే చూడండి. కర్ర రాకెట్‌తో పెరిగి, కర్ర రాకెట్‌తో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిన మనిషి. చుట్టూ అందరూ గ్రాఫైట్‌కి మారిపోతుంటే చాలాకాలం మారలేదు. 1983-84 ప్రాంతంలో, ముప్ఫయ్యో ఏడు దగ్గరపడుతుండగా మారింది. అప్పటికి నవ్రతిలోవా చేతిలో వరుసగా ఓడిపోతోంది. రాకెట్ మారగానే గెలిచిందా? లేదు. 1984 ఫ్రెంచ్ ఫైనల్లో 6-3, 6-1తో చిత్తుగా ఓడింది. వింబుల్డన్ ఫైనల్లో 7-6, 6-2తో ఓడింది. అమెరికన్ ఓపెన్ ఫైనల్లో మొదటి సెట్టు తను గెలిచి, తర్వాతి రెండూ 6-4, 6-4తో పోగొట్టుకుంది. ఈ మూడు స్కోర్లూ వరసగా చదవండి. ఓటములే, కానీ ఒక్కొక్కటీ ముందుదానికన్నా దగ్గరగా ఉంది. వరసగా పదమూడు ఓటముల తర్వాత 1985 జనవరిలో నవ్రతిలోవాని ఓడించింది. ఆ జూన్‌లో ఫ్రెంచ్ ఫైనల్లో 6-3, 6-7, 7-5తో గెలిచింది. ఘనతంతా రాకెట్‌దే అనను, ఆ రోజుల్లో ఆవిడ వ్యాయామం కూడా బాగా పెంచింది. అయినా అంత పెద్ద క్రీడాకారిణికి కూడా కొత్త రాకెట్ చేతిలో పండటానికి దాదాపు ఏడాది పట్టింది. మా తొమ్మిదో తరగతి పిల్లకి దొరికింది పన్నెండు రోజులు.

అంత దూరం ఎందుకు, మన సింధు సంగతి చూద్దాం. 2019 ఫిబ్రవరిలో పి.వి.సింధు లీనింగ్ కంపెనీతో నాలుగేళ్ళ ఒప్పందం చేసుకుంది, దాదాపు 50 కోట్లని పత్రికలన్నీ రాశాయి. అంతకుముందు చేతిలో ఉన్నది యోనెక్స్. బ్యాడ్మింటన్ రాకెట్ మొత్తం బరువే 80, 90 గ్రాములు. అందులో నాలుగైదు గ్రాముల తేడా కూడా ఆ స్థాయివాళ్ళ మణికట్టుకి తెలుస్తుంది. మార్చిలో ఆల్ ఇంగ్లండ్‌లో మొదటి రౌండ్లోనే కొరియా అమ్మాయి సుంగ్ జీ హ్యున్ చేతిలో ఓడిపోయింది. జూలైలో ఇండోనేషియా ఫైనల్ దాకా వచ్చి యమగుచి చేతిలో ఓడింది. ఆగస్టు 25న బాసెల్‌లో ఒకుహారాని 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఆ ఓటములు రాకెట్ వల్లనే అని నేను అనడం లేదు, ఆటలో సవాలక్ష కారణాలుంటాయి. నేను చూసేది క్యాలెండరు. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆమెని జట్టులోంచి ఎవరూ కొట్టెయ్యలేదు. పేరున్నవాళ్ళకి ఆరు నెలల గడువు దానంతట అదే దొరుకుతుంది. పేరు రావలసిన పిల్లకే దొరకదు. నిజానికి గడువు అవసరం ఆ పిల్లకే ఎక్కువ. సింధుకైతే రాకెట్ ఆమె చేతికి తగ్గట్టు సిద్ధం చేసిచ్చే మనుషులుంటారు.

పట్నాల్లో ఉండే మనలాంటివాళ్ళ సంగతి మాత్రం ఏమంత గొప్పగా ఉంది? ఇంట్లో టెన్నిస్ నేర్చుకుంటానని ఆడపిల్ల అంటే మొదట వచ్చేది అన్నయ్య పాత రాకెట్. భార్య ఆడతానంటే భర్త పాతది. అది నాలుగున్నర అంగుళాల గ్రిప్పు అవుతుంది. మన ఆడవాళ్ళలో ఎక్కువమంది చేతులకి నాలుగుంపావు, చిన్న చేతులైతే నాలుగూ ఒకటి బై ఎనిమిది సరిపోతుంది. పావు అంగుళమే కదా అనిపిస్తుంది. పావు అంగుళం లావైన గాజు వేసుకుని ఒక పూట వంట చేసి చూడండి! లావు పిడి జారిపోకుండా ఉండాలంటే అదిమి పట్టుకోవాలి. అలా గంటసేపు అదిమితే ముంజేతి కండరం పట్టేస్తుంది. ఆ నొప్పి మోచేతి బయటి పక్కకి చేరితే దాన్నే టెన్నిస్ ఎల్బో అంటారు. పేరుకే టెన్నిస్. బట్టలు పిండేవాళ్ళకీ, పిండి రుబ్బేవాళ్ళకీ, పొద్దస్తమానం చపాతీలు ఒత్తేవాళ్ళకీ వస్తుంది. ఎక్కువగా ముప్ఫయ్ అయిదు, నలభై దాటాక. ఇంటి పనితో అప్పటికే సగం అరిగిన మోచేతికి మగవాడి గ్రిప్పు, బిగుతు గట్టింగ్ కలిస్తే ఇంకేముంది? "వయసైంది, నీకెందుకీ ఆటలు" అంటారు. రాకెట్ మూల పడుతుంది. మా విశాఖ స్నేహితుల్లో ఆట మానేసిన నలుగురిని లెక్కపెడితే ముగ్గురు మోచెయ్యి పేరు చెప్పారు. ఆ ముగ్గురి చేతుల్లోనూ ఉన్నవి ఇంట్లో మగవాళ్ళ రాకెట్లే.

చెయ్యి ఎంత విలువైనదో సానియా మీర్జాని చూస్తే తెలుస్తుంది. 2008లో మణికట్టుకి ఆపరేషన్ అయింది. తర్వాత సింగిల్స్ వదులుకుని డబుల్స్‌కి మళ్ళి, 2015లో హింగిస్‌తో కలిసి వింబుల్డన్ గెలిచింది. బిడ్డ పుట్టాక తిరిగొచ్చి 2020 జనవరిలో హోబర్ట్ డబుల్స్ కూడా గెలిచింది. ఆడదాని ఒళ్ళు ఇరవైల్లో ఒకలా, కాన్పు తర్వాత ఒకలా, నలభైల్లో ఒకలా ఉంటుంది. ఇరవై ఏళ్ళప్పటి జాకెట్టు పట్టలేదని ఎవరూ సిగ్గుపడరు, కుట్లు విప్పించుకుంటారు. రాకెట్‌కి మాత్రం ఆ మర్యాద ఎందుకు లేదో!

దుకాణాల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఒకచోట "ఆడవాళ్ళకి సరిపోయేది చూపించండి" అంటే అతను నా చెయ్యి వంక కూడా చూడకుండా గులాబీ రంగుది తీసి బల్లమీద పెట్టాడు. గ్రిప్పు ఎంత అంటే "లేడీస్ మేడమ్" అన్నాడు. లేడీస్ అనేది కొలతా? రంగు గులాబీ అయినంత మాత్రాన పిడి సన్నబడదు. కొలత చూసుకోవడం చాలా తేలిక. రాకెట్‌ని కరచాలనం చేసినట్టు పట్టుకోండి. ఉంగరం వేలి కొసకీ బొటనవేలి కింది కండకీ మధ్య రెండో చేతి చూపుడువేలు సరిగ్గా పట్టాలి. పట్టకపోతే గ్రిప్పు సన్నం, ఇంకా చోటు మిగిలితే లావు. రెండు సైజుల మధ్య ఎటూ తేలకపోతే సన్నదే తీసుకోండి. సన్నదాని మీద ఓవర్‌గ్రిప్ చుట్టి లావు చేసుకోవచ్చు. లావుదాన్ని సన్నం చెయ్యడం కష్టం. గట్టింగ్ చేసేవాళ్ళకి "మీ ఇష్టం" అనకండి. ఆ మాట అంటే వాళ్ళకి అలవాటైన మగపిల్లల బిగుతే వేసేస్తారు. నాకు మాత్రం యాభై పౌన్లు దాటనివ్వద్దు అని చెప్పండి.

ఇక గడువు సంగతి. మొదటి వారం పోటీ ఆట వద్దు. నెట్‌కి దగ్గరగా నిలబడి, లేదా గోడ ముందు, మెల్లగా పావుగంట. పాతదీ కొత్తదీ మార్చి మార్చి పట్టుకుంటే చెయ్యి రెంటికీ చెడుతుంది కాబట్టి పాతదాన్ని బీరువాలో పెట్టెయ్యండి. రెండో వారం పూర్తి కోర్టు, లెక్క పెట్టకుండా. సర్వీసు అన్నిటికన్నా ఆఖరున దారికొస్తుంది, దాని మీద బెంగ పెట్టుకోకండి. నాకు నెల పైన పట్టింది. నెల తర్వాత కూడా మోచెయ్యి నొప్పి పెడుతుంటే అప్పుడు మార్చాల్సింది మీ పద్ధతి కాదు, ఆ రాకెట్ ఏర్పాటు.

ఆ అమ్మాయి రాకెట్‌కి మేము చేసింది కూడా ఇంతే. పైన ఉన్న దళసరి గ్రిప్పు విప్పేసి, పల్చటి పట్టీ ఒక్కటే చుట్టాం. నేను విశాఖ వెళ్ళినప్పుడు తీసుకెళ్ళి గట్టింగ్ కాస్త వదులుగా మళ్ళీ చేయించాను. గట్టింగ్‌కి మూడు వందలు అయ్యాయి. సరిగ్గా ఆ డబ్బు లెక్కగట్టి, వద్దంటున్నా వినకుండా, తల్లి రెండు కిలోల రాజ్మా తెచ్చి ఇచ్చింది. ఆరో వారానికి బంతి మళ్ళీ పిల్ల మాట విన్నది. ఈలోగా జిల్లా పోటీలు అయిపోయాయి. ఆ ఏడు తిరిగి రాదు. ఇప్పుడు పదో తరగతి కదా, సాయంత్రం ఆటకి వదలమంటే పరీక్షలంటున్నారు. నేను లెక్కల టీచర్ని, ఆ మాట నా ముందే అంటారు. లెక్కలు నేను చూసుకుంటాను, వదలండి అంటున్నాను.

ఒక్క చిన్న కోరిక ఉంది, పెద్ద ఖర్చు కూడా లేనిది. బడికి ఆట సామాను కావాలని మేము రాసి పంపే కాగితంలో 'రాకెట్లు' అని ఒక వరస, పక్కన 'ఎన్ని' అని ఒక గడి ఉంటుంది. పది అని రాస్తే పది వస్తాయి, అన్నీ ఒకే లావు. పిల్లలకి బూట్లు ఇచ్చేటప్పుడు మాత్రం పాదాల కొలతలు పిల్ల పిల్లకీ తీసుకుంటారు. ఆ గడి పక్కన గ్రిప్పు సైజుకి ఇంకో గడి గీయమంటున్నాను. ఈసారి అది అచ్చు కాగితంలో లేకపోయినా స్కేలు పెట్టి నేనే గీశాను. జట్టులో పన్నెండుమంది పిల్లల అరచేతులూ తెల్లకాగితం మీద పెట్టించి, పెన్సిలుతో చుట్టూ గీసి, ఉంగరం వేలి పొడవు కొలిచి, జత చేసి పంపాం. అందులో రెండు కాగితాల మీద కాఫీ పళ్ళ మరకలు కూడా ఉన్నాయి. మార్చి మళ్ళీ గీయమని చెప్పలేదు.